అలబామాలో కాలేజీ టౌన్‌కి మారే ముందు అక్కడి వాతావరణం ఎలా అంచనా వెయ్యాలి? 19 ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, చెప్తాను

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీ వారికి ఆబర్న్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆఫర్ వచ్చింది. ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్ళ మధ్య ఉంటున్నారు, రెండో తరగతికి వెళ్ళబోయే పాప ఉంది. అలబామా పేరు చెప్పగానే అటువాళ్ళూ ఇటువాళ్ళూ భయపెడుతున్నారు. సంతకం పెట్టే ముందు ఆ ఊరి రాజకీయాలు, మనుషుల తీరు ఎలా తెలుసుకోవాలి, పాప బొట్టు పెట్టుకుని స్కూలుకి వెళ్ళొచ్చా అని అడిగారు.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, 2006లో పీహెచ్‌డీకి జార్జియాలోని ఏథెన్స్‌కి వచ్చాను. తర్వాత మీరు వెళ్ళబోయే ఊళ్ళోనే ఉద్యోగం. రెండూ సౌత్‌లో, అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, కాలేజీ టౌన్లే అయినా ఒకదానికొకటి పోలిక ఉండదు. కాబట్టి రెండింటి గురించీ చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, రాష్ట్రం ఎరుపా (రిపబ్లికన్లదా) నీలమా (డెమోక్రాట్లదా) అని చూసి నిర్ణయం తీసుకోకండి, అలాగని "కాలేజీ టౌన్ కదా, అందరూ చదువుకున్నవాళ్ళే, ఏం ఫరవాలేదు" అన్నవాళ్ళ మాటా పట్టుకోకండి. క్యాంపస్ వేరు, ఊరు వేరు, ఊరి చుట్టూ ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, వేరు. వీటన్నిటి మీదా మాంట్‌గోమరీలో కూర్చుని చట్టాలు చేసే రాష్ట్ర ప్రభుత్వం వేరు. మీ ఇంట్లో ఒక్కొక్కరూ రోజులో ఎక్కువసేపు ఎక్కడ గడుపుతారో ఆ చోటు గురించి విడిగా కనుక్కోవాలి. మీ వారు క్యాంపస్‌లో ఉంటారు, పాప స్కూల్లో ఉంటుంది, మీరు ఊళ్ళో ఉంటారు. ముగ్గురూ ఒకే ఇంట్లో పడుకున్నా మూడు వేరు ఊళ్ళలో బతికినట్టే. ఆబర్న్ విషయంలో నా మాట అడిగితే, రావచ్చు. కానీ ఏమేం తెలుసుకుని రావాలో తెలుసుకుని రండి.

లెక్కల్లో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఏథెన్స్ ఉన్న క్లార్క్ కౌంటీలో బైడెన్‌కి దాదాపు 70 శాతం వచ్చింది. దాన్ని ఆనుకునే ఉన్న ఒకోనీ కౌంటీలో ట్రంప్‌కి మూడింట రెండు వంతులు వచ్చాయి. ఏథెన్స్‌లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లలో చాలామంది స్కూళ్ళ కోసం ఆ పక్క కౌంటీలోనే ఇల్లు కొనుక్కుంటారు, కాబట్టి పగలు ఒక రాజకీయంలో, రాత్రి ఇంకో రాజకీయంలో ఉంటారన్నమాట. ఆబర్న్ ఉన్న లీ కౌంటీలో అదే ఏడాది ట్రంప్‌కి 59 శాతం దాకా వచ్చింది. కారులో అరగంట నైరుతిగా పోతే టస్కీగీ, అది మేకన్ కౌంటీ, అక్కడ బైడెన్‌కి 80 శాతం పైనే. వేరే దిక్కుల్లో అంతే దూరం వెళితే ట్రంప్‌కి 70 దాటే కౌంటీలూ వస్తాయి. వీటన్నిటినీ కలిపి "అలబామా" అని ఒకే మాటతో కొట్టిపారేస్తే ఏం తెలుస్తుంది?

అందుకని మొదట చెయ్యాల్సిన పని, కౌంటీ లెక్క దగ్గర ఆగకుండా ప్రిసింక్ట్ వారీగా ఫలితాలు చూడటం. ప్రిసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ లాంటిదే అనుకోండి. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ప్రిసింక్ట్ స్థాయి మ్యాపులు వేశారు, రాష్ట్ర ఎన్నికల ఆఫీసు సైట్లలో కూడా దొరుకుతాయి. మీరు అద్దెకు చూస్తున్న ఇల్లు ఏ ప్రిసింక్ట్‌లో ఉందో చూడండి. ఓటు ఎటు పడిందన్నదాని కంటే, రెండు వైపులా ఓట్లు ఉన్నాయా లేదా అన్నది నాకు ముఖ్యం. 55-45 ఉన్న వీధిలో మనుషులు వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళతో కలిసి బతకడం అలవాటు చేసుకుని ఉంటారు. 85-15 ఉన్న చోట, అది ఏ పార్టీ అయినా సరే, ఆ పదిహేను మంది నోరు మూసుకుని ఉంటారు. ఇది నా అనుభవం, పుస్తకాల్లోది కాదు.

రెండోది సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డ్ మీటింగుల వీడియోలు. చాలా ఊళ్ళు యూట్యూబ్‌లోనో సొంత సైట్‌లోనో పెడతాయి. విసుగ్గా ఉంటుంది, అయినా మూడు మీటింగులు చూడండి, ముఖ్యంగా ఊరి జనం మైకు దగ్గరకు వచ్చి మాట్లాడే భాగం. ఊరు దేని గురించి కొట్టుకుంటోందో అక్కడే తెలుస్తుంది. కాలేజీ టౌన్లలో సగం గొడవలు దేశ రాజకీయాల మీద ఉండవు, విద్యార్థుల అపార్ట్‌మెంట్లు, పార్కింగ్, ఒక ఇంట్లో ఎంతమంది ఉండొచ్చు అన్న వాటి మీదే ఉంటాయి. ఈ చివరిది మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. చాలా కాలేజీ టౌన్లలో కొన్ని ఏరియాల్లో బంధుత్వం లేనివాళ్ళు ఇద్దరో ముగ్గురో మించి ఒక ఇంట్లో ఉండకూడదన్న రూలు ఉంటుంది. ఎం.ఎస్. పిల్లలు ఐదుగురు కలిసి ఇల్లు తీసుకుంటే పక్కింటివాళ్ళు కంప్లైంట్ చేస్తారు, అప్పుడు మనవాళ్ళు అది జాతి వివక్ష అనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే వివక్ష ఉంటుంది, కొన్నిసార్లు తెల్ల కుర్రాళ్ళ మీద కూడా అవే కంప్లైంట్లు వెళ్తుంటాయి. మీటింగు వీడియో చూస్తే తేడా తెలుస్తుంది.

స్టూడెంట్ పేపర్ కూడా చదవండి. ఆబర్న్‌కి ప్లెయిన్స్‌మన్, ఏథెన్స్‌కి రెడ్ అండ్ బ్లాక్. ఒక ఆరు నెలల వెనక్కి వెళ్ళి అభిప్రాయాల పేజీ చదివితే క్యాంపస్‌లో పిల్లలు దేన్ని పైకి అనగలుగుతున్నారో, దేనికి జంకుతున్నారో కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సౌత్‌లో మనుషుల తీరు గురించి వెబ్‌సైట్లలో రెండే రకాల మాటలు కనిపిస్తాయి: "చాలా మంచివాళ్ళు, ప్రేమగా పలకరిస్తారు" అని ఒకటి, "అంతా పైపైనే, లోపల వేరే" అని ఇంకొకటి. రెండూ నాకు తప్పుగానే తోస్తాయి. ఎందుకో ఒక మనిషి గురించి చెప్తాను.

మేము ఏథెన్స్ వచ్చిన కొత్తలో ఇంట్లో చాప, ప్రెషర్ కుక్కర్ తప్ప ఏమీ లేవు. ఆగస్టులో అక్కడి చర్చిలు విదేశీ విద్యార్థులకు ఉచితంగా పాత ఫర్నిచర్ ఇస్తాయి, ఇది సౌత్‌లో చాలా కాలేజీ టౌన్లలో ఉన్న ఆనవాయితీ. డెబ్బై దగ్గరపడ్డ ఒక పెద్దావిడ, ఆవిడ భర్త, పికప్ ట్రక్కులో మంచం, డైనింగ్ టేబుల్, ఒక లాంపు తెచ్చారు. ఆ వయసులో ఆయన టేబుల్‌ని తలకిందులుగా వీపు మీద పెట్టుకుని రెండో అంతస్తు మెట్లెక్కాడు. నేను మంచినీళ్ళు ఇస్తే, గ్లాసు తాగేసి సింకులో కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆవిడ బుధవారం బుధవారం మాలాంటి ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పేది. నెల తిరక్కుండానే బైబిల్ స్టడీకి రమ్మంది. "మేము హిందువులం, మా దేవుడు మాకున్నాడు, నేను రాలేనండీ" అన్నాను. సరేనంది. తర్వాతి బుధవారం కూడా ఎప్పట్లాగే వచ్చింది, చేతిలో పీచ్ కాబ్లర్‌తో. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రికి మొదట వచ్చింది ఆవిడే.

2016 అధ్యక్ష ఎన్నికలప్పుడు ఆవిడ ఇంటి ముందు ఏ బోర్డు ఉందో మీరు ఊహించగలరు. వలసల గురించి గట్టిగా మాట్లాడిన మనిషికే ఓటేసింది, నా దగ్గర దాచలేదు. నేను బాధపడి అడిగితే నా చెయ్యి పట్టుకుని "మీలాంటివాళ్ళ గురించి కాదమ్మా మేము అనేది" అంది. ఆ మాట అబద్ధం కాదు. ఆ టేబుల్ మోసింది నిజం, ఆ ఓటూ నిజం. తెలిసిన మనిషి మీద ఎంత ప్రేమైనా చూపిస్తారు, కానీ మనం ఏ గుంపులో మనుషులమో ఆ గుంపు మీద ఓటు వేరే ఉంటుంది. కాబట్టి పలకరింపును పలకరింపుగా తీసుకోండి, హక్కుల సంగతి చట్టాల్లో చూసుకోండి, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఊహించకండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు మనవాళ్ళు. మర్యాద సంగతికి ఆ సామెత చాలు, చట్టాల సంగతికి చాలదు.

చట్టాలంటే ఎలాంటివో చెప్తాను, ఎందుకంటే రాష్ట్ర రాజధానిలో జరిగేది క్యాంపస్ దాకా వస్తుందని చాలామంది అనుకోరు. 2024 మార్చిలో అలబామాలో ఎస్‌బీ 129 అనే చట్టం వచ్చింది, అక్టోబరు నుంచి అమలైంది. ఆబర్న్ సహా ప్రభుత్వ యూనివర్సిటీలు డైవర్సిటీ ఆఫీసులు (అన్ని జాతులవాళ్ళనీ కలుపుకుపోవడానికి పెట్టినవి) మూసుకోవాల్సి వచ్చింది, క్లాసులో కొన్ని విషయాలు ఎలా చెప్పాలన్న దాని మీద కూడా ఆంక్షలు ఉన్నాయి. మీ వారు ఇంజినీరింగో మట్టి శాస్త్రమో అయితే రోజువారీ పనిలో తేడా తక్కువ, చరిత్రో సోషియాలజీనో అయితే చాలా ఎక్కువ. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య మానేసి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే కనుక్కుని వాళ్ళకి ఒక్క ఫోన్ చెయ్యండి. ఉన్నవాళ్ళు చెప్పేదాని కంటే వెళ్ళినవాళ్ళు చెప్పేది పనికొస్తుంది.

జార్జియాలో కూడా అంతే. ఏథెన్స్ ఊరు 70 శాతం ఒక వైపు ఉన్నా, 2022లో రాష్ట్ర అసెంబ్లీ ఊరి కమిషన్ వార్డుల హద్దుల్ని ఊరు వద్దంటున్నా తిరగగీసింది, సిటింగ్ కమిషనర్లు ముగ్గురు తమ వార్డుల్లో మళ్ళీ పోటీ చెయ్యలేని పరిస్థితి వచ్చింది. 2017 నుంచి జార్జియా ప్రభుత్వ క్యాంపస్‌లలో కొన్ని మినహాయింపులతో తుపాకీ వెంట ఉంచుకోవచ్చు, ఊరి చేతిలో ఏమీ లేదు. ఊరి హద్దులతో ఆడుకోవడం ఇక్కడ కొత్త కాదు. 1957లో టస్కీగీ ఊరి హద్దు చదరంగా ఉండేది. దాన్ని 28 భుజాల వింత ఆకారంగా మార్చి నల్లజాతి ఓటర్లని దాదాపు అందరినీ ఊరి బయటకు నెట్టేశారు. 1960లో సుప్రీంకోర్టు తప్పు పట్టింది. ఆ ఊరు మీకు అరగంట దూరంలో ఉంటుంది. వెళ్ళినప్పుడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మ్యూజియం చూడండి, వ్యవసాయం చదివినదాన్ని కాబట్టి మా ఇంటికి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాను.

పిల్లల్ని కనే ఆలోచన ఇంకా ఉంటే ఇది కూడా మొహమాటపడకుండా మాట్లాడుకోండి. 2022 జూన్ నుంచి అలబామాలో గర్భస్రావం దాదాపు పూర్తి నిషేధం, తల్లి ఆరోగ్యానికి తీవ్రమైన ముప్పు ఉంటే తప్ప. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఘనీభవింపచేసిన పిండాల మీద ఇచ్చిన తీర్పుతో కొన్ని ఐవీఎఫ్ క్లినిక్‌లు కొన్ని రోజులు ఆగిపోయాయి, మార్చిలో వేరే చట్టం తెచ్చాక మళ్ళీ మొదలుపెట్టాయి. గర్భిణిగా ఉన్నప్పుడు ఏదైనా తేడా వస్తే ఏ ఊరికి, ఎంత దూరం వెళ్ళాలో ముందే అనుకుని ఉండాలి. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరు ఈ టెన్షన్ పడ్డారు, అందుకే చెప్తున్నాను.

వీసా విషయం వేరు. 2025 ఏప్రిల్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ళు ఇక్కడ చదువుకోవడానికి ఆధారమైన ప్రభుత్వ రికార్డులు) ఉన్నట్టుండి రద్దయ్యి, కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకు తిరిగి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఇవన్నీ వాషింగ్టన్ నుంచి వచ్చినవి, ఎడిసన్‌లో ఉన్నా ఆబర్న్‌లో ఉన్నా ఒకటే. ఊరిని బట్టి మారేదేమిటంటే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఎంత గట్టిగా నిలబడుతుంది, స్థానిక పోలీసులు ఎలా ఉంటారు అన్నది. 2011లో అలబామా సొంతంగా ఒక కఠినమైన వలస చట్టం తెచ్చింది, హెచ్‌బీ 56. ఆ ఏడాదే టస్కలూసాలో పోలీసులు కారు ఆపి, లైసెన్సు చేతిలో లేదని అరెస్టు చేసినవాళ్ళలో మెర్సిడెస్ కంపెనీకి చెందిన ఒక జర్మన్ మేనేజరు కూడా ఉన్నాడు. ఆ కార్ల ఫ్యాక్టరీ వల్లే ఎన్నో ఉద్యోగాలొచ్చిన ఊరు అది. తర్వాత కోర్టులు ఆ చట్టంలో చాలా భాగం ఆపేశాయి. అయినా అప్పటినుంచీ మేము లైసెన్సు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) కాపీ కారులో పెట్టుకునే తిరుగుతాం, మీరూ పెట్టుకోండి.

ఎవరిని అడగాలి అన్నది చాలా పెద్ద విషయం. మీరు తప్పకుండా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడుగుతారు, వాళ్ళు "సూపర్ ఊరు, స్కూళ్ళు టాప్, సేఫ్" అంటారు. అది నిజమే, ఆబర్న్ సిటీ స్కూళ్ళకి మంచి పేరు ఉంది. కానీ మన అనుభవం ఒక్క కోణం. మెళ్ళో యూనివర్సిటీ ఐడీ కార్డు వేలాడుతున్నప్పుడు మనతో మాట్లాడే తీరు వేరు, ఊరి బయట గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడ్డ మన కుర్రాడితో మాట్లాడే తీరు వేరు. ఇద్దరినీ అడగండి. ఇంకా ముఖ్యంగా ఊళ్ళో తరతరాలుగా ఉన్న నల్లజాతివాళ్ళని అడగండి. అలబామా జనాభాలో వాళ్ళు నాలుగో వంతు పైనే, ఆబర్న్ క్యాంపస్‌లో మాత్రం 5 శాతం చుట్టుపక్కల. ఆ ఒక్క తేడాలోనే ఊరి గురించి సగం ఉంది. యూనివర్సిటీలో మొదటి నల్లజాతి విద్యార్థి చేరింది 1964 జనవరిలో, అంటే ఆ రోజుల్ని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు.

ఏథెన్స్‌లో లిన్నెన్‌టౌన్ అని ఒక పేట ఉండేది. 1960లలో యూనివర్సిటీ హాస్టళ్ళ కోసం అక్కడి నల్లజాతి కుటుంబాలని ఖాళీ చేయించారు, 2021లో ఊరి కమిషన్ క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. ఆ హాస్టళ్ళ పక్కనుంచి నేను ఏళ్ళ తరబడి నడిచాను, నాకు ఎవరూ చెప్పలేదు. మా ల్యాబ్ బిల్డింగ్‌లో పనిచేసే ఒక పెద్దాయన, అక్కడే పుట్టినవాడు, ఒకరోజు వాన కురుస్తుంటే నాతోపాటు వరండాలో నిలబడి, "మా అమ్మ వంటగది అదిగో అక్కడ ఉండేది" అని పార్కింగ్ లాట్ వైపు చూపించాడు. ఆ ఊరి వాతావరణం నాకు అప్పుడు అర్థమైనంతగా అంతకుముందు ఆరేళ్ళలో అర్థం కాలేదు.

ఈ మాట మనవాళ్ళకి మనం చెప్పుకోవాల్సింది కూడా. అట్లాంటా ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో, కమ్మింగ్ చుట్టుపక్కల ఇవాళ వేల తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వీధికో సత్యనారాయణ వ్రతం. అదే కౌంటీలో 1912లో నల్లజాతివాళ్ళని, వెయ్యి మందికి పైగా, ఇళ్ళూ పొలాలూ వదిలించి తరిమేశారు. 1987లో అక్కడ శాంతి ఊరేగింపు తీస్తే రాళ్ళు పడ్డాయి. నలభై ఏళ్ళలో ఒక కౌంటీ అంత మారగలదు, అది ఆశ కలిగించే విషయమే. కానీ మనం ప్రశాంతంగా ఇల్లు కట్టుకున్న నేల మీద ముందు ఎవరుండేవాళ్ళో తెలియకుండా, కొత్తగా వచ్చినవాళ్ళకి "అటువైపు వాళ్ళుంటారు, అటు వెళ్ళకండి" అని చెప్పే మనవాళ్ళని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. మీకు కూడా చెప్తారు. వినకండి, మీరే వెళ్ళి చూడండి.

వెళ్ళి చూడటం గురించి. ఇంటర్వ్యూకి యూనివర్సిటీ వాళ్ళు తీసుకెళ్ళి చూపించేది ఊరు కాదు, క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న టూమర్స్ కార్నర్ అనే కూడలి, రెండు మంచి రెస్టారెంట్లు. కుదిరితే మీ ఖర్చుతో ఇంకోసారి వెళ్ళండి, గురువారం వెళ్ళి ఆదివారం దాకా ఉండండి, ఫుట్‌బాల్ గేమ్ లేని వారం. గేమ్ ఉన్న శనివారం ఊరు ఊరులా ఉండదు. 2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా 76 వేలు, స్టేడియంలో పట్టేది 88 వేలు. ఆ రోజు పరాయివాళ్ళు కూడా టెంట్ కిందకి పిలిచి ప్లేటు చేతిలో పెడతారు, గెలిస్తే రాత్రి టూమర్స్ కార్నర్‌లో చెట్ల నిండా టాయిలెట్ పేపర్ విసిరి పండగ చేసుకుంటారు. చూడటానికి చాలా బావుంటుంది, మీరు వచ్చాక ఎలాగూ చూస్తారు. కానీ ఆ రోజు చూసి ఊరిని అంచనా వెయ్యకూడదు. ఆదివారం ఉదయం పదకొండింటికి ఊరు ఎంత ఖాళీగా ఉంటుందో, పన్నెండున్నరకి హోటళ్ళు చర్చి బట్టల్లో ఉన్నవాళ్ళతో ఎంత నిండిపోతాయో చూడండి. పబ్లిక్ లైబ్రరీలో నోటీసు బోర్డు చదవండి. నాలుగు దిక్కులా పదిహేనేసి మైళ్ళు కారులో వెళ్ళి రండి, దారిలో డాలర్ స్టోర్‌లో ఆగి ఏదో ఒకటి కొనండి. పక్క ఊరు ఒపెలైకా వైపు కొరియన్ బోర్డులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆశ్చర్యపోతారు. వెస్ట్ పాయింట్‌లో కియా, మాంట్‌గోమరీలో హ్యుందాయ్ ఫ్యాక్టరీలు వచ్చాక ఆ కుటుంబాలు చాలా వచ్చాయి, కాబట్టి ఆసియా ముఖం అక్కడ కొత్త కాదు.

మనుషుల్ని అడిగేటప్పుడు "సేఫేనా?" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. "ఈ మధ్య మిమ్మల్ని భోజనానికి ఇంటికి పిలిచిన ఇక్కడివాళ్ళు ఎవరు?" అని అడగండి. "మీ పిల్లల పుట్టినరోజుకి క్లాసులో ఎంతమంది వచ్చారు?" "పోలీసులతో ఎప్పుడైనా పని పడితే ఏమైంది?" జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆలోచిస్తారో కూడా గమనించండి.

పాప సంగతి. ఇది దాచి చెప్పను. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నేను మర్నాటికి డబ్బాలో పెరుగన్నం కలుపుతుంటే వచ్చి, "అమ్మా, అమ్మమ్మ ఎక్కడికి వెళ్ళింది?" అంది. ఆ ఏడాదే మా అమ్మ పోయింది. స్వర్గానికి వెళ్ళిందన్నాను. "కాదంట, జీసస్‌ని నమ్మకపోతే హెల్‌కి వెళ్తారంట, లంచ్‌లో చెప్పింది" అని ఫ్రెండ్ పేరు చెప్పింది. ఏడవలేదు, తెలుసుకోవాలని అడిగింది, అంతే. నాకు మాత్రం చెయ్యి ఆడలేదు. ఆ రాత్రే టీచర్‌కి మెయిల్ రాశాను. ఆవిడ ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠం చెప్పే మనిషి, నేను ఏమీ ఆశించలేదు. గంటలో ఫోన్ చేసింది, మర్నాడు క్లాసులో ఎవరింటి నమ్మకం వాళ్ళింటిది, స్కూల్లో దాని మీద ఒకరినొకరు భయపెట్టుకోకూడదని చెప్పింది. ఆ పిల్ల తల్లి కూడా వచ్చి, "మీ అమ్మాయి అక్కడికి వెళ్ళిపోతుందేమోనని మా పిల్ల రెండు రోజులుగా నిద్రపోవట్లేదు" అంది. నాకు అప్పటిదాకా ఆ కోణం తట్టలేదు. ఇద్దరూ ఇప్పటికీ ఫ్రెండ్సే. కానీ రెండేళ్ళ తర్వాత వేరే టీచర్ దగ్గర ఇలాంటిదే జరిగితే నా మెయిల్‌కి జవాబే రాలేదు, ప్రిన్సిపాల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. అంటే మనిషిని బట్టి ఉంటుంది, అలా ఉండటమే నాకు నచ్చని విషయం.

అలబామా ప్రభుత్వ స్కూళ్ళలో 1993 నుంచి యోగా మీద నిషేధం ఉండేది. 2021లో ఎత్తేశారు, కానీ ఆసనాలకి ఇంగ్లిష్ పేర్లే వాడాలి, మంత్రాలు ఉండకూడదు, "నమస్తే" అనకూడదు అని ఆ చట్టంలోనే రాశారు. మనం రోజూ పెద్దలకి పెట్టే దండం అక్కడి యోగా క్లాసులో చట్టప్రకారం కుదరదు. ఇది చదివి నాకు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. పాపకి ఇలాంటి చోట ఇంటి భాష, ఇంటి పూజ ఇంట్లోనే గట్టిగా నేర్పాలి, ఎడిసన్‌లోలాగా వీధి నేర్పదు. గుడికైతే అట్లాంటా రివర్‌డేల్ బాలాజీ గుడి ఉంది, దాదాపు రెండు గంటల దారి, మేము నెలకోసారి వెళ్ళి కూరగాయలు కూడా తెచ్చుకుంటాం.

బొట్టు గురించి: పెట్టుకుని వెళ్ళొచ్చు. స్కూలుకి ఆపే హక్కు లేదు. మా అమ్మాయి ఐదో తరగతి దాకా పెట్టుకుంది, తర్వాత తనే మానేసింది, పండగలకి పెట్టుకుంటుంది. మొదటి వారం అందరూ అడుగుతారు, అది ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పడం పాపకి ముందే నేర్పండి, తడబడకుండా చెప్తే ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. అక్కడ స్కూళ్ళు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, మీ న్యూజెర్సీలోలాగా సెప్టెంబరు కాదు, కాబట్టి జులై మధ్యకల్లా ఇల్లు మారిపోవాలి. స్కూలు తెరిచే ముందు టీచర్‌ని కలిసే రోజు ఒకటి పెడతారు. ఆ రోజు పాప పేరు ఎలా పలకాలో ఒక కాగితం మీద రాసి టీచర్ చేతికివ్వండి, ఇంట్లో ఏం తినరో, ఏ పండగలకి సెలవు పెడతారో కూడా అందులోనే రాయండి. పాపని పక్కన నిలబెట్టుకునే ఇవ్వండి. ఆ కాగితం తీసుకుని టీచర్ పాప వైపు తిరిగి ఆ పేరు ఒకసారి పలికి చూస్తే, ఆ ఏడాది గురించి మీరు పెద్దగా బెంగపడక్కర్లేదు.